మూత మీద పేరు లేని డబ్బా

"చున్నీ తీయండమ్మా," అన్నారు డాక్టర్ శ్రీసుధ.

నాగదుర్గ తీసింది. కడియం నుంచి రాజమండ్రి దాకా ఆటోలో ఎంత ఉక్కపోసినా తీయని చున్నీ అది. బుగ్గలూ ముక్కూ కందిపోయి, సన్నటి పొక్కులు తేలి ఉన్నాయి.

"ఎండలోకెళ్తే మంటండి. పొయ్యి దగ్గర నిలబడ్డా మంటే. వేడి కాఫీ తాగినా అంతే."

"దీన్ని రొజేసియా అంటారు. పూర్తిగా పోదు. అదుపులో పెట్టుకోవచ్చు. ఎండలో గొడుగు, ముఖానికి సన్‌స్క్రీన్, కూరల్లో కారం తగ్గించడం. ఇంతకీ ఏం రాస్తున్నారు?"

నాగదుర్గ బ్యాగులోంచి చిన్న తెల్లడబ్బా తీసింది. మూత మీద పేరు లేదు.

"ఇదే కొంప ముంచింది!" అన్నారు డాక్టరుగారు. "ఇందులో స్టెరాయిడ్ ఉంటుంది. ముందు తెల్లగా చేస్తుంది, తర్వాత ఇదిగో, ఇలా తగలబెడుతుంది. మానేయండి. మానేశాక కొన్ని వారాలు ఇంకా ఎర్రబడుతుంది. మందులిస్తాను, ఓర్చుకోవాలి."

"వారాలా!"

అసలే పెళ్లిళ్ల రోజులు. నలుగురిలోకి ఈ ముఖంతో ఎలా వెళ్లడం? రాస్తే ఒక చావు, మానితే ఇంకో చావు.

"ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండి. మా ఊళ్లోనే... తెలిసినావిడ."

"ఈ డబ్బా పట్టుకుని మీ ఊరి నుంచి ఈ నెల్లో వచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు. ఒక్కరూ ఆవిడ పేరు చెప్పరు. పైగా 'చాలా మంచావిడండీ' అంటారు! బయట కూర్చున్నావిడదీ మీ ఊరే. మీరైనా చెప్పండమ్మా, ఇంకెన్ని ముఖాలు కాలాలి?"

నాగదుర్గకు సిగ్గేసింది, భయమేసింది. రెంటిలో భయమే ఎక్కువ. చున్నీ మళ్లీ కళ్ల దాకా చుట్టుకుంది.

"బయటికి ఇంకో దారి ఉందాండి?"

"ఇది క్లినిక్కమ్మా, సినిమా హాలు కాదు. ఉన్నది ఒకటే తలుపు." డాక్టరుగారే లేచి ఆ తలుపు తీసి, తర్వాతి పేషెంటును పిలిచారు.

బెంచీ మీంచి ఆశాజ్యోతి లేచి వచ్చింది. ఆమె కళ్ల కిందా అదే ఎరుపు. నాగదుర్గ తల వంచుకుని గోడవారగా జారుకోబోయింది. హడావుడిలో చున్నీ కొస గడియకు తగులుకుని ముసుగు కాస్తా జారిపోయింది.

ఆశాజ్యోతి డాక్టరుగారి ఎదుటే బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో దుర్గగారూ, మీ పార్లర్లో మాకు కలిపిస్తారే, ఆ క్రీమే మీరూ రాసుకుంటున్నారాండీ!"