పనికిరాని గూళ్ళు

ఊళ్ళో నాగేశ్ ఇంటి నుంచి అడిగి తెచ్చుకున్న పట్టుగూళ్ళను జయలక్ష్మమ్మ తన చంద్రికల మీద ఒక్కొక్కటిగా ఇరికిస్తోంది. పురుగులు గూడు అల్లుకునే ఆ వెదురు తట్టల మీద ఏడాదిగా ఒక్క పురుగూ పాకలేదు. బూజు దులిపి, గూళ్ళు అమర్చి, మళ్ళీ సగం ఊడదీసి చాటలో పోసింది. ఇప్పుడు ఎవరు చూసినా పొద్దున్నే గూళ్ళు విడిపించిన ఇల్లే అనుకుంటారు.

గురువారం. బస్సు దిగి సునీల్‌కుమార్ వచ్చే వేళైంది.

అతడు ఊరిగాం దగ్గర ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. చిత్తూరు వైపు నుంచి బంగారు గనుల్లో పనికి వచ్చినవాళ్ళ మనవడు. మొదటిసారి ఈ ఊరు క్యాసంబళ్ళికి వచ్చినప్పుడు, దారం తీయడానికి పనికిరాని గూళ్ళుంటే ఇమ్మన్నాడు. చిల్లులు పడినవి, మరకలు పట్టినవి, మార్కెట్లో ఎవరూ ముట్టనివి. కాల్చుకోవడానికా అని జయలక్ష్మమ్మ భర్త మునియప్ప నవ్వాడు. అవును, కాల్చడానికే అన్నాడు అతడు.

తర్వాత అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. పట్టులో పుట్టుకతోనే నైట్రోజన్ ఉంటుందట. గాలి తగలకుండా కొలిమిలో కాలిస్తే గూడు బూడిద కాదు, కంటికి కనబడని రంధ్రాలున్న బొగ్గవుతుంది. నైట్రోజన్ కొంత ఆ బొగ్గులోనే ఇరుక్కుని ఉండిపోతుంది. గాలిని పీల్చి కరెంటిచ్చే బ్యాటరీల్లో ప్లాటినం చేసే పనిని ఆ బొగ్గు చేస్తుంది. "కాకుంటే గూళ్ళన్నీ ఒకే ఇంటివి కావాలమ్మా. పురుగు తిన్న ఆకు మారితే లెక్కంతా మారిపోతాది" అన్నాడు.

ఆ మాట జయలక్ష్మమ్మ మరిచిపోలేదు.

పోయిన ఏడాది ఉగాదికి ముందు మునియప్ప పోయాడు. ఆకు కోయడం, పురుగులకు వేయడం, తట్టలు మార్చడం ఒంటి చేతి పనులు కావు. బోరు కూడా ఎండింది. మల్బరీ మొక్కలు పెరికించి, చెరువు అవతలి ఆ చేను పక్క బోరువాళ్ళకు టమాటాకు కౌలుకిచ్చేసింది. పిల్లలు లేరు. పురుగులు ఆకు కొరికే చప్పుడు కూడా లేని ఇంట్లో, గిన్నె జారితే తనే ఉలిక్కిపడేది. అలాంటి ఇంటికి వారానికొకసారి ఒక మనిషి వస్తున్నాడు. పురుగులు లేవంటే ఇక ఎందుకొస్తాడు? అందుకే చెప్పలేదు. ఈ వారం నాగేశ్ ఇంట్లో, పై వారం ఇంకో ఇంట్లో గూళ్ళు అడిగి తెచ్చి, తనవేనని ఇస్తూ వచ్చింది.

సునీల్‌కుమార్ వచ్చాడు. సంచి నింపింది. రాగిముద్ద, చారు పెట్టింది. అతడు నిదానంగా తిన్నాడు. తనొక్కడే ఉండే క్వార్టర్స్ వెనక నీళ్ళ పైపు పగిలిన సంగతి, పక్కింటివాళ్ళు బెంగళూరుకు మారిపోయిన సంగతి చెప్పాడు. పొద్దువాలే బస్సుకు పోతానన్నాడు. తనను నొప్పించకూడదనే మర్యాదకు కూర్చున్నాడని ఆమె అనుకుంది.

"నాయనా, బొగ్గు బాగా వస్తా ఉండాదా?"

అతడు కాఫీ లోటాలోకి చూస్తూ, "బాగానే ఉండాదమ్మా" అన్నాడు. "వచ్చే వారం ఇంకొక సంచి కావాల."

అతడి ముఖం వాడి ఉంది. తను ఇచ్చిన ఎవరెవరివో గూళ్ళు అతడి పనిని పాడు చేస్తున్నాయి. పాపం, ఆ మాట అనలేక మళ్ళీ మళ్ళీ కాలుస్తున్నాడు. ఎవరి కడుపు కొట్టి తను తోడు తెచ్చుకుంటోంది?

మూడు నాళ్ళు ముద్ద దిగలేదు. సోమవారం చీర మార్చుకుని, బస్సెక్కి, దారి అడుక్కుంటూ ఆ కాలేజీకి పోయింది. చెప్పేస్తే ఇక గురువారాలు ఉండవు. ఉండకపోతే పోనీ అనుకుంది.

ల్యాబ్‌లో అతడితో కలిసి పనిచేసే పవిత్ర ఉంది. వేరుశెనగ పొట్టును కొలిమి గొట్టంలోకి దట్టిస్తోంది. సార్ క్లాసులో ఉన్నారు, కూర్చోండమ్మా అని స్టూలు జరిపింది. అతడి ఎదుట నోరు రాదేమోనని జయలక్ష్మమ్మ ఆమెకే అంతా చెప్పేసింది. తోట పెరికించడం, ఊళ్ళో అడిగి తేవడం, తట్టల మీద అమర్చడం.

"ఆయప్పకు పేరు రావాల్సిన పని. నా మూలంగా చెడిపోయిందేమో చూడమ్మా. ఇంగ అబద్ధం ఆడలేను."

పవిత్ర చేతిలోని పొట్టు పక్కన పెట్టింది.

"గురువారం సాయంత్రాలు యాడికి పోతారో సార్ మాకు ఎప్పుడూ చెప్పలేదమ్మా" అంది మెల్లగా. తర్వాత జయలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"పట్టుగూళ్ళ పని ముగిసి రెండేండ్లాయ."