బల్ల కింద జాడీ

ఒంగోలులో ఇప్పుడు ప్రతి ఇంటి గోడకీ భూకంపం గంట ఉంది. నేల కదిలే ముందే అది మోగుతుంది. మోగగానే బల్ల కిందికి దూరాలని వీధివీధికీ తిరిగి నేర్పడం సువార్త ఉద్యోగం.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే గంట మోగింది. పరుగెత్తి చూస్తే బల్ల కింద పెద్ద ఆవకాయ జాడీ ఉంది.

"ఇదేందత్తా ఇక్కడ?"

"ఇంట్లో భద్రమైన చోటు అదేనని నువ్వే గదా చెప్పింది!" అంది ఎస్తేరమ్మ.

మిగిలిన చోటు ఒక్క మనిషికే సరిపోతుంది. సువార్త అత్తను లోపలికి నెట్టింది. ఎస్తేరమ్మ జాడీని కాళ్ళతో బయటికి తన్ని, కోడల్ని చెయ్యి పట్టి లాక్కుంది.

నేల ఊగి, ఆగింది. గదంతా నూనె, జాడీ పెంకులు.

"ఏడాది పచ్చడి," అంది ఎస్తేరమ్మ, కోడలి చెయ్యి వదలకుండానే. "రేపు క్లాసులో ముందు జాడీల సంగతి చెప్పి ఏడువు."