జోయెల్ దగ్గు

చనిపోయిన గాయకుల చేత యంత్రాలు కొత్త పాటలు పాడించే రోజులవి. రాక్ పాటల నిర్మాత భార్గవ్, తన స్నేహితుడు జోయెల్ మళ్లీ పాడుతుంటే ఇంట్లోని స్టూడియోలో మురిసిపోతూ వింటున్నాడు. అతను లేక ఇన్నాళ్లూ ఏ పనీ తోచలేదు మరి.

చరణం మధ్యలో జోయెల్ దగ్గాడు. వంటింట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న భార్గవ్ భార్య సుమిత్ర, అలవాటుగా వేడినీళ్లు పట్టుకొచ్చింది.

"పిచ్చిదానా, ఎవరికవి?" అని నవ్వబోయి భార్గవ్ ఆగిపోయాడు. జోయెల్ ప్రాణం తీసిన ఆ దగ్గును అతను ప్రతి రికార్డులోంచీ కత్తిరించేవాడు. యంత్రం విని నేర్చుకున్నది దగ్గులేని ఆ రికార్డులనే.

"మరి దీనికి దగ్గడం ఎవరు నేర్పారండీ?"

అతను ఆ దగ్గును చెరిపేశాడు. సుమిత్ర గ్లాసు తీసుకుని వెనుదిరిగింది.

"తీసుకెళ్లకు వదినా," అన్నాడు జోయెల్ స్పీకరులోంచి. "గొంతు ఆరిపోతోంది."