ఆకులింటి కప్పు

అడవిలో ముళ్లపంది అవ్వ చూసుకునే ఆకులిల్లు ఒకటుండేది. దారులు, మందులు, జంతువుల అడుగుజాడలు, సమస్తం తాటాకుల మీద తన ముల్లుతోనే గీసి పెట్టింది ఆ మహాతల్లి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఏటా తొలకరికి ముందు ఇంటికో గడ్డిమోపు తెచ్చి దానికి కప్పు వేయడం ఆనవాయితీ.

ఆ ఏడు మోపులతో చేరిన జంతువుల సభలో డంబన్న నక్క అడ్డం తిరిగాడు. సామాన్యుడా! ఒక్క ఊళతో మూడు కొండలను పక్కకు జరిపానని చెప్పుకునేవాడు.

"పుట్టి బుద్ధెరిగాక ఆ గడప తొక్కలేదు. గడ్డి నేనెందుకు మొయ్యాలి? చదివేవాళ్లే కప్పు వేసుకుంటారు!"

"తడిస్తే ఆకులన్నీ కుళ్లిపోతాయి నాయనా," అంది అవ్వ.

"కుళ్లనీ! నా బుర్రలో లేనిది వాటిలో ఏముంది?"

అది విని ఎవరి మోపు వాళ్లు కింద పడేశారు. ఆకాశం నల్లబడుతోంది. అరిచి అరిచి గొంతెండిన నక్క నీళ్లకని ఏటి వైపు నడిచాడు.

ఎదురుగా పెళ్లాం పరుగున వచ్చి తోక పట్టుకు లాగింది. "ఆగవయ్యా! రేవులో పెద్దపులి అడుగుజాడ ఉంది. పిల్లలను పొదలో దాచి వచ్చాను."

"పులిదని నీకెలా తెలుసే?"

"ఆకులింట్లో చూశాను. నువ్వు గొప్పలు మొదలెట్టినప్పుడల్లా నేను పోయేది అక్కడికేగా!"

సభంతా నక్క వైపు తిరిగింది. అతను ఏటిని చూశాడు, మబ్బును చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"గుడ్లప్పగించి చూస్తారేంట్రా? వాన ముంచుకొస్తోంది, మోపులెత్తండి! ఈ కప్పు సంగతి అందరికంటే ముందు లేవనెత్తింది ఎవరో మాత్రం మరిచిపోకండి."