మెడలో తాళంచెవి

స్నానం చేయాలన్నా, పాప బట్టలు ఉతకాలన్నా, ఆ ఇంట్లో కోడలు ముందుగా అత్తగారిని తాళంచెవి అడగాలి.

బాత్రూం తాళంచెవి అది. నల్లతాడుకు కట్టి మెడలో వేసుకుంది అత్తగారు. బంగారు గొలుసైనా అంత జాగ్రత్తగా చూసుకునేది కాదేమో, నిద్రలో కూడా దాని మీద చెయ్యి ఉంటుంది.

తలుపు మీద ఆరోగ్య కేంద్రం నర్సు అంటించి వెళ్లిన కాగితం ఉంది. తాళం తీసే ముందు అత్తగారు దాన్ని వేలితో చూపిస్తుంది.

"చదువు."

"పసిపిల్లలు మునిగిపోవడానికి బకెట్‌లో జానెడు నీళ్లు చాలు," కోడలు చదువుతుంది. "పని అవగానే బకెట్ బోర్లించండి. నిమిషం సేపు కూడా పిల్లల్ని నీళ్ల దగ్గర వదలకండి."

"మూడేళ్ల కిందట ఈ బుద్ధి ఉంటే నా మనవడు ఈపాటికి బడికెళ్లేవాడు కదే!"

"అవునత్తయ్యా."

ఇది రోజూ ఉండేదే. తర్వాత అత్తగారు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంటుంది. తలుపు పూర్తిగా వేసుకోవడానికి వీల్లేదు. కోడలు బయటికి రాగానే లోపలికి తొంగి చూసి, బకెట్ బోర్లించి ఉందో లేదో చూసుకుని, మళ్లీ తాళం వేస్తుంది.

పాప పుట్టి పది నెలలైంది. ఈ పది నెలల్లో కోడలు ఒంటరిగా గడప దాటలేదు. సరుకులు భర్తే తెస్తాడు. అతను ఎలక్ట్రీషియన్. చీకటి పడ్డాక వస్తాడు. తల్లి చెప్పే చాడీలన్నీ వింటాడు. కంచంలోంచి తల ఎత్తడు.

ఒక మంగళవారం పొద్దున ఎవరో తలుపు కొట్టారు. కోడలు ఇదివరకు పనిచేసిన బ్యాగుల ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. పాపను చూడటానికి ఇన్నాళ్లకు తీరిక దొరికింది ఆవిడకి.

"ఏమిటే, ఇలా చిక్కి సగమయ్యావ్? నాలుగు గోడల మధ్య ఎన్నాళ్లు మగ్గుతావ్? వచ్చేయ్. పొద్దుటి షిఫ్టు ఇస్తా, రెండింటికల్లా ఇల్లు చేరొచ్చు."

కోడలి కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. వెంటనే ఆరిపోయాయి.

"పాప ఉంది కదక్కా."

"మీ అత్తగారు ఉన్నారుగా?"

కోడలు పాపను మరింత దగ్గరికి పొదువుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అంటూ అత్తగారు వచ్చి కూర్చుంది. సూపర్‌వైజర్ చెప్పింది. కాఫీ తాగుతుండగా అత్తగారు మళ్లీ అదే అడిగింది. ఆవిడ మళ్లీ చెప్పింది.

"పనికి తీసుకెళ్తావా? తీసుకెళ్లు తల్లీ, పుణ్యముంటుంది. ఈ పిల్లయినా నా చేతుల్లో బతికి బట్టకడుతుంది," అంది అత్తగారు. "నేను మా చెల్లెలి ఇంటికెళ్లిన రోజు చూసి, బకెట్ నిండా నీళ్లు పట్టి పెట్టి, ఒళ్లు తెలీకుండా నిద్రపోయిన మహాతల్లి ఇది. ఏడాదిన్నర పసివాడు తల్లకిందులుగా పడితే కేక కూడా వినిపించదట, నర్సు చెప్పింది."

సూపర్‌వైజర్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఏదో అనబోయింది.

"నిజమేనక్కా," కోడలు గబుక్కున అందుకుంది. "నాకే నిద్ర పట్టేసింది. తప్పు నాదే."

అత్తగారు కళ్లు ఒత్తుకుంది. గుండెల మీది బరువు దిగినట్టు మెల్లగా ఊపిరి వదిలింది.

"ఒప్పుకుంటుందిలే. ఆ గుణం మాత్రం ఉంది," అని పాప బుగ్గ నిమిరింది. "దా తల్లీ, నీకు నేను లాల పోస్తా."

"నేను పోస్తానత్తయ్యా. తాళం ఇవ్వండి."

"చూశావా, నన్ను ముట్టుకోనివ్వదు!" అని మండిపడుతూ ఆవిడ మెడలోంచి తాడు తీసింది.

సూపర్‌వైజర్ మరి కూర్చోలేకపోయింది. వెళ్లొస్తానని లేచి, మెట్ల దగ్గర నిలబడిపోయింది.

మూడేళ్ల కిందట ఆ పట్టపగలు, "కునుకు పట్టేసిందమ్మా, లేచేసరికి బాబు బకెట్‌లో..." అంటూ ఈ పెద్దావిడే ఏడుస్తూ చేసిన ఫోన్‌ని, ఫ్యాక్టరీలో మిషన్ తొక్కుతున్న ఆ కోడలి చేతికి తీసుకెళ్లి ఇచ్చింది తనే.