పదేళ్ల గ్యారంటీ

"గీ మిక్సీ గింత జల్దీ ఖరాబు గాదమ్మా. మీరే ఎట్లనో వాడిన్రు," అన్నాడు జూబ్లీహిల్స్ షోరూంలో రిపేర్లు చూసే నర్సింహ. షాపు టీవీలో ఆ మిక్సీ యాడే వస్తోంది; అందులో ఒకావిడ నవ్వుతూ పచ్చడి రుబ్బుతోంది. "గామె ఏమంటున్నదో వినుర్రి. పదేండ్ల దాంక ఫికర్ లేదట."

కృష్ణానగర్ నుంచి మిక్సీ మోసుకొచ్చిన లీలాకుమారి చెమట తుడుచుకుంది.

"ఆవిడ నేనేనండీ."

నర్సింహ టీవీనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"మరి మీరే చెప్పిన్రు గదా?"

"గొంతు నాది కాదు. డబ్బింగ్ ఆవిడది."

"మరి గా పచ్చడి?"

"హోటల్ నుంచి తెప్పించారు."

"మిక్సీ తిరిగిన సప్పుడు?"

"అదీ తర్వాత కలిపిందే."

"అయితే గా నవ్వు సుత ఉత్తదేనా?"

లీలాకుమారి మిక్సీ మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"నవ్వు మాత్రం నిజమేనండీ. షూటింగ్ అయ్యాక ఈ మిక్సీ నాకే ఇచ్చేస్తామన్నారు."