దర్వాజలో అక్షరం

"పట్టుకోండ్రి, బస్సెక్కుతుండు."

ఫుట్‌బోర్డు మీద కాలుపెట్టిన ముసలాయన్ని వెంకటరాజం భుజం పట్టి కిందికి గుంజాడు. జడ్చర్ల బస్టాండులో జనం మూగారు.

"గీయననే," అంది వెంకటరాజం భార్య యాదమ్మ రొప్పుతూ. "ధర్మయ్య ఇల్లేదని అడిగిండు. తలుపేసుకుంటి. నీళ్లకు పోయొచ్చేసరికి మా గడపలనే కూసున్నడు, ఎల్లగొట్టిన. సచ్చినోళ్ల పేరు చెప్పుకుంట ఇండ్లల్ల జొరబడుతరు గిసుంటోళ్లు."

ఇందాక వెంకటరాజం ధోవతి కోసం సందుగ పెట్టె తీస్తే అమ్మ అష్రఫీ లేదు. అమ్మకున్న బంగారమల్లా ఆ ఒక్క నిజాం నాణెమే. మక్తల్‌లో కూతురింటికి పోయిన అమ్మ సుభద్రమ్మ ఈ సాయంత్రమే వస్తుంది. నిరుడు ఆమె వెండి కడియాలు పేకాటలో పోగొట్టింది తనే. ఇప్పుడు అష్రఫీ పోయిందంటే, దొంగ ఎవరని ఆమె అడగనే అడగదు.

"మొలల చూడు," అన్నారెవరో.

మొలతాడుకు చిన్న గుడ్డముడి కట్టి ఉంది. విప్పితే చార్మినార్ బొమ్మతో పచ్చగా మెరిసింది నాణెం.

"ఎక్కడిదిరా గిది?"

ముసలాయన తొట్రుపడలేదు.

"మీదే బిడ్డా. మీ..."

"ఒప్పుకుండు."

ముందు వెంకటరాజం చెయ్యే లేచింది. తర్వాత ఎవరెవరు కొట్టారో లెక్కలేదు.

"ధర్మయ్యను పిలువుండ్రి," అన్నాడు ముసలాయన పెదవి మీది నెత్తురు మింగుతూ. "ఒక్కసారి ధర్మయ్యను పిలువుండ్రి."

"మా బాపు సచ్చి ఆరేండ్లాయె. కథలు ఎవనికి చెప్తవు?"

దెబ్బలకు అడ్డం పెట్టుకున్న ముసలాయన చేతులు కిందికి జారిపోయాయి.

సోడాలమ్మే బీరప్ప నవ్వాడు. "నసీబ్ మంచిగుంది రాజం. ఏసోబు మూట కాకముందే దొరికె."

"ఏసోబు మూటేందన్నా?" అన్నాడు కండక్టరు.

"రజాకార్ల గడబిడల మేం కేతేపల్లి ఇడిసి పారొచ్చినం," అన్నాడు వెంకటరాజం. "అప్పుడు నేను చిన్నపోరన్ని. మా బాపు ఒక అష్రఫీ మూటగట్టి దాయమని ఏసోబని ఒక కూలాయన చేతిల పెట్టిండట. గాయన మళ్ల మొకం సూపలే. గందుకే మా ఇంట్ల ఏది పోయినా ఏసోబు మూటే."

అందరూ నవ్వారు. ముసలాయన మాత్రం ఆ మాట చివరిదాకా విన్నాడు. కండువా కొసతో పెదవి తుడుచుకున్నాడు.

"జర పైలంగ పెట్టుకో బిడ్డా," అని బస్సెక్కాడు.

"దొంగతనం చేసి, పైలమంట మనకే చెప్తుండు," అన్నాడు బీరప్ప.

దేవరకొండ బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. పేరేమిటని కూడా ఆయన్ని ఎవరూ అడగలేదు.

బస్సు పోయాక వెంకటరాజానికి కొత్త అనుమానం పుట్టింది. ముసలోడు అసలుది మార్చి నకిలీది అంటగట్టలేదు కదా? తిన్నగా సరాఫు కొట్టుకు నడిచాడు.

సేటు నాణేన్ని గీటురాయి మీద గీశాడు. తక్కెట్లో తూచాడు. కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"అసలు బంగారమే. గని మీది గాదు."

"చార్మినార్ ఉంది గద సేటూ?"

"చార్మినార్ అన్నిటి మీద ఉంటది. దర్వాజల చూడు."

వెంకటరాజం వంగి చూశాడు. చార్మినార్ నడిమి దర్వాజలో చిన్న ఉర్దూ అక్షరం.

"మీ అమ్మ పోయిన నెల తెచ్చి చూపిచ్చిన దాంట్ల ఐన్ ఉండె. ఐన్ అంటే ఉస్మాన్ అలీ. గిది మీమ్. మహబూబ్ అలీ, ఆయన తండ్రి. గింత అరగనిది దొరుకుడే కష్టం. పాత నాణేలు జమచేసే హైదరాబాద్ షౌకీన్లు బంగారం ధర మీద రెండింతలు పెట్టి కొంటరు. ఎవలో గని కడుపు మాడినా అమ్మలే. ఎక్కడిది?"

వెంకటరాజం నాణెం జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు.

సుభద్రమ్మ అప్పుడే వచ్చి అరుగు మీద కూచుంది. కొడుకు ముఖం చూసి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి అష్రఫీ తీసింది.

"దీనికోసం దేవులాడినవా? బంగారం కానూనంట, సర్కారు గుంజుకుంటదంటే ఎంట తీస్కపోయిన." ఆగి, తల దించుకుని అంది. "సర్కారు సాకే బిడ్డా. నీ చేతికి దొరుకుతదని భయపడ్డ."

వెంకటరాజం జేబులోంచి రెండో నాణెం తీసి ఆమె ముందు పెట్టాడు. దానితోపాటు గుడ్డముడీ జారిపడింది.

సుభద్రమ్మ నాణెం వంక చూడలేదు. ఆ గుడ్డ తీసి, మాసిన ఎర్ర అంచు మీద బొటనవేలుతో రాసింది.

"మీ బాపు నేసిన అంచు," అంది. "ఆ గడబిడల నా చీర చింపి నేనే ముడేసిన. మనం గీడికొచ్చినమని ఊర్ల ఎవలికీ చెప్పకపోతిమి. ఎట్ల దేవులాడిండో... ఏడున్నడు రాజం? లోపలికి పిలువు. బువ్వ పెడుత."

వెంకటరాజం బస్టాండు వైపు తిరిగి చూశాడు.

బీరప్ప వాకిట్లోకి వచ్చాడు. "అత్తా, నీ కొడుకు దొంగను పట్టిండు, ఎరికేనా? నాలుగు తగిలిచ్చినం. ఎవడో పేరన్న అడగకపోతిమి."

వెంకటరాజం తల్లి చేతిలోని గుడ్డ వైపు చూస్తూ అన్నాడు.

"దొంగను నేను బీరప్పా. ఆయన ఏసోబు."